గీత పడని చైను

చీపురుపల్లి స్టేషను రోడ్డులో, విత్తనాల కొట్టుకీ కూల్‌డ్రింకుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక గది ఉంది. గది అనడం కూడా దానికి మర్యాద ఇచ్చినట్టే. ఒక మనిషి లోపల కూర్చుంటే రెండో మనిషి గుమ్మం ముందున్న బల్ల మీద సర్దుకోవలసిందే. నలభై ఏళ్లుగా అందులో కూర్చుని గడియారాలు బాగుచేస్తున్న మనిషి పేరు నగరేశ్వరరావు. అన్నదమ్ములు ముగ్గురూ కిరాణా, బట్టలు, ఎరువులు అంటూ మేడలు లేపారు. ఈయన ఒక్కడే తండ్రి వదిలిన ఆ అగ్గిపెట్టెలో కళ్లు చిట్లించుకుంటూ మిగిలిపోయాడు.

అయినా పేరంటూ వస్తే ఆయనకే వచ్చింది. పాతకాలం వాచీ, అందులోనూ చైను వాచీ అయితే రాజాం నుంచీ గరివిడి నుంచీ, ఆఖరికి విజయనగరం నుంచి కూడా బస్సో రైలో ఎక్కి ఈ గదికే వస్తారు. "నగరేశ్వరరావు చేతిలో గీత పడదు" అనేది ఆ చుట్టుపక్కల సామెతంత మాట అయిపోయింది.

కొత్త చైనుకి రెండు లింకులు తీయమంటే ఎవరైనా తీస్తారు. పాత చైను సంగతి వేరు. పైకి ఇనుప కడ్డీలా కనిపిస్తుంది గానీ లోపల బోలు. పల్చని రేకు మడిచి చేసిన ముక్కలవి. ఏళ్ల తరబడి చెమటా దుమ్మూ పట్టి, పిన్నులు లింకులతో ఏకమైపోయి ఉంటాయి. తొందరపడి ఒక దెబ్బ వేశామా, గీతో సొట్టో పడిందన్నమాటే. అందుకే నగరేశ్వరరావు చైను చేతికందగానే పనిముట్టు పట్టడు. ముందు కుంకుడు రసంలో మెత్తని బ్రష్షుతో తోముతాడు. పిన్ను పిన్నుకీ ఒక్కొక్క బొట్టు నూనె వేసి పక్కన పెడతాడు. కొక్కెం దగ్గరుండే చిన్న కన్నాల్లో, చైనుని పట్టి ఉంచే సన్నని పుల్లను అటూ ఇటూ మార్చి, దాంతోనే సరిపోతుందేమో చూస్తాడు. లింకు తీయడం ఆయనకి ఆఖరి మాట. తీయక తప్పకపోతే రెండు వైపులా సమానంగా తీస్తాడు, కొక్కెం సరిగ్గా మణికట్టు కింద కూర్చోవాలని. చింతకర్ర దిమ్మకి తనే చెక్కుకున్న గాడిలో, మెత్తని గుడ్డ మీద చైను పరిచి, మొన అరగదీసిన కుట్టుమిషను సూదితో పిన్నుని నెడతాడు. అదీ లోపలి వైపు బాణం గుర్తు ఎటు చూపిస్తే అటే. తీసిన ముక్కల్ని కవర్లో వేసి, పేరూ తేదీ రాసి, "పారేయకండి బాబూ, చెయ్యి ఎప్పుడూ ఒక్కలా ఉండదు" అని చేతిలో పెడతాడు.

"ఈయన అన్నం కూడా పట్టకారుతోనే తింటారమ్మా" అని ఆయన భార్య భాగ్యవతి వీధి వీధంతా చెప్పి నవ్విస్తుంది.

ఇంత భయం, ఇంత భక్తీ ఊరికే రాలేదు. ఆ కథ భాగ్యవతికి కూడా తెలియదు. సొరుగు అడుగున ఒక రేకు డబ్బా ఉంది. దాన్ని ఆయన ముప్పై ఎనిమిదేళ్లుగా పారేయనూ లేదు, ఎవరి ముందూ తెరవనూ లేదు.

మొన్న శ్రావణంలో, ఉదయం పదిన్నర వేళ, ఝాన్సీలక్ష్మి బల్ల మీదికొచ్చి కూర్చుంది. స్టేషనులో టికెట్ల గుమాస్తాగా చేసి రిటైరైన మురళీమోహన్ భార్య ఆమె. మురళీమోహన్ పోయి మూడు నెలలైంది. నగరేశ్వరరావు ఆయన్ని "బావా" అనేవాడు, ఈమెని "అక్కా" అనేవాడు. కులం వేరు, ఊళ్లు వేరు. వరసలు మాత్రం బల్ల మీద కూర్చుని టీ తాగుతూ కలుపుకున్నవి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, మురళీమోహన్ ఆ బల్ల మీద పేపరు చదవని రోజు లేదు.

"తమ్ముడూ, ఇది నా సేతికి పట్టేలా సెయ్యాల" అని ఝాన్సీలక్ష్మి కొంగు ముడి విప్పి వాచీ తీసింది.

ఆ వాచీని నగరేశ్వరరావు చూడగానే గుర్తుపట్టాడు. చెయ్యి చాచకుండా, ముందు సొరుగు మూసి ఉందో లేదో చూసుకున్నాడు.

"నీకా అక్కా?"

"నాకే. పదోనాడు గాజులు తీసీసినారు కదా. ఈ బోసి సెయ్యి సూసుకోలేకపోతన్నాను. మా నాన్న పెట్టిన వాచీ, మీ బావ ముప్పయ్యేళ్ల పైన కట్టినది. నాను కట్టుకుంటే ఎవుడికేటి? అంటే అననీ." ఆమె ఒక పాత కవరు కూడా పక్కన పెట్టింది. "బీరువాలో వాచీ పెట్టెలో ఇదీ ఉన్నాది. నువ్వు తీసిన ముక్కలే కాబోలు, పైన నీ రాతే. నాను విప్పలేదు."

అవును, తన రాతే. "మురళీమోహన్ గారు, 2 లింకులు", కింద 1986 నవంబరు తేదీ. కవరు మాత్రం రెండు లింకులకి మించి ఉబ్బుగా ఉంది. ఆయన అప్పటికి దాన్ని గమనించే స్థితిలో లేడు.

ఆ నవంబరులో నగరేశ్వరరావుకి ఇరవై రెండేళ్లు. తండ్రి పెళ్లికని రాజాం వెళ్లి మూడు రోజులు కొట్టు అప్పజెప్పాడు. మురళీమోహన్ టైఫాయిడు పడి లేచి, చెయ్యి సన్నబడి, వాచీ మోచేతి దాకా జారుతోందని పట్టుకొచ్చాడు. అది మామూలు వాచీ కాదు. ఝాన్సీలక్ష్మి తండ్రి కలకత్తా జనపనార మిల్లులో చేసి, అక్కణ్ణుంచి తెచ్చి పెళ్లిపీటల మీద అల్లుడి చేతికి కట్టినది. ఆ పెద్దాయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ వాచీని చూసినప్పుడల్లా ఝాన్సీలక్ష్మి ఏడుస్తోందని మురళీమోహన్ చెప్పాడు కూడా. అన్నీ విని, అంతా వచ్చినవాడిలా తలూపి, కుర్ర నగరేశ్వరరావు బాణం గుర్తు చూడకుండా ఎదురు వైపు నుంచి పిన్నుని కొట్టాడు. అది ఇరుక్కుంది. ఇంకా గట్టిగా కొట్టాడు. బోలు లింకు పగిలింది. దాన్ని సరిచేద్దామని పట్టకారులో బిగిస్తే మరో నాలుగు అప్పడాల్లా అణిగిపోయాయి.

వెళ్లి చెప్పవలసింది. చెప్పలేదు. ఎవరో వదిలేసిన వాచీకి అచ్చం అలాంటి చైనే ఒకటి కొట్టులో పడి ఉంది. పైకి అదే నేత, అదే మెరుపు. లోపల మాత్రం బాణాలు లేవు, నకలు సరుకు. దాన్ని కొలతకి కుదించి వాచీకి తగిలించి, దాని ముక్కలే రెండు కవర్లో వేసి, నవ్వుతూ ఇచ్చేశాడు. అసలుది రేకు డబ్బాలోకి పోయింది.

ఆ తర్వాత మురళీమోహన్ ఎన్నిసార్లు వాచీ సర్వీసుకిచ్చినా చైను ఇంట్లో ఊడదీసి వాచీ బిళ్ల ఒక్కటే తెచ్చేవాడు. "చైనుకి చెమట కంపురా, నీకెందుకు" అనేవాడు. బతికానురా దేవుడా అనుకునేవాడు నగరేశ్వరరావు. తన పాపం తన కళ్లబడకుండా ఆ మనిషే తెలియక కాపాడుతున్నాడని ప్రతిసారీ లోలోపల దండం పెట్టుకునేవాడు.

ఇప్పుడది ఎదురుగా ఉంది. పని ఒప్పుకోకపోతే అనుమానం. ఒప్పుకుంటే మాత్రం ఏం పోతుంది, నాలుగు లింకులు తీసి ఇచ్చేస్తే సరి, ఇన్నేళ్లు గడిచినట్టే ఇదీ గడిచిపోతుంది అనుకున్నాడు. భూతద్దం కంటికి బిగించుకుని, చైనుని తిరగేశాడు.

బాణాలున్నాయి.

ఒక్కొక్క లింకు లోపలా సన్నగా, తీరుగా కొట్టిన బాణం. నగరేశ్వరరావు భూతద్దం తీసి, చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. బాణాలు ఎక్కడికీ పోలేదు. తను కట్టి పంపిన చైనుకి బాణాలు లేవు. అది దేవుడి ముందు ప్రమాణం చేసి చెప్పగలడు. పోనీ ఇది అసలుదేనా అంటే, అసలుది తన మోకాలి దగ్గర సొరుగులో పగిలి పడి ఉంది. ఆగలేక సొరుగు లాగి డబ్బా మూత తీసి చూశాడు. ఉంది. పాడైన అయిదు లింకులతో సహా ఉంది. మరి ఇదెక్కడిది?

"ఏటి తమ్ముడూ, అలగయిపోనావు? ఒంట్లో బాగులేదా?" అంది ఝాన్సీలక్ష్మి.

ఆయన కవరు చింపాడు. రెండు లింకులు దిమ్మ మీద పడ్డాయి. వాటి వెనకాలే, పాము కుబుసంలా, ఒక నిండు చైను జారిపడింది. తిరగేసి చూడనక్కర్లేదు, అయినా తిరగేశాడు. లోపల నున్నగా ఉంది. తను ఇరవై రెండేళ్ల వయసులో తగిలించిన నకలు చైను అదే.

అంటే మురళీ బావకి తెలుసు!

తెలిసి ముప్పై ఎనిమిదేళ్లు ఆ బల్ల మీదే కూర్చున్నాడు. తెలిసి టీ తాగాడు. వచ్చినవాళ్లకల్లా "మా నగరేశు చేతిలో గీత పడదండీ" అని చెప్పింది కూడా ఆయనే. ఆ మాట పుట్టించి ఊరి మీదికి వదిలినవాడే ఆయన! మొహం మీద ఎవరో చెప్పు తీసుకుని కొట్టినా ఇంత సిగ్గు వేయదు. తన పేరు అనుకున్నదంతా ఒక మనిషి నోరు మూసుకుని పెట్టిన భిక్ష.

చైనుతో పాటు నాలుగు మడతలుగా ఉన్న ఒక రసీదు ముక్క కూడా పడింది. సగం ఒరియా, సగం ఇంగ్లీషు. ఏదో వాచీల కొట్టుది, వాచీ చైను ఒకటి అని ఉంది. కవరు మీది తేదీకి సరిగ్గా అయిదు రోజుల తర్వాతి తేదీ. ఊరి పేరు పైకే చదివేశాడు.

"బరంపురం."

ఝాన్సీలక్ష్మి ఉలిక్కిపడి లేచి నిలబడింది. "ఏటన్నావు?"

"అక్కా, కూర్చో."

"బరంపురం అన్నావు. ఆ మాట నీ కొట్లోకెలగొచ్చింది? మీ బావ నీకు సెప్పినాడా? ఆవిడెవుత్తో నీకు తెలుసునా?"

నగరేశ్వరరావుకి ఆమె ఏమంటోందో అర్థం కాలేదు. కానీ ఇక దాచలేడన్నది మాత్రం అర్థమైంది. చెబితే నలభై ఏళ్ల పేరు ఈ బల్ల మీదే పోతుంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే పోయినవాడి మీద ఏదో పడబోతోంది. ఆయన రేకు డబ్బా తెచ్చి ఆమె ముందు బోర్లించాడు. పగిలిన చైను, నకలు చైను, బాణాల చైను, మూడూ వరసగా పెట్టాడు. ఒక్కొక్కదాన్నీ చూపిస్తూ, తల దించుకుని, బాణం గుర్తు చూడకపోవడం దగ్గర్నుంచి రసీదు దాకా మొత్తం చెప్పాడు.

"తప్పు సేసినాను అక్కా. మీ నాన్న పెట్టిన చైను పాడుసేసి నోరు మూసుకున్నాను. లోపల బాణాలు లేవని బావకి మర్నాడే తెలిసిపోనట్టుంది. నువ్వు చూస్తే ఏడుస్తావని, నీకు తెలీకుండా బరంపురం వెళ్లి ఇలాంటిదే వెతికి కొని తెచ్చినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నువ్వను. కొట్టినా పడతాను."

ఆమె అనలేదు. కొట్టనూ లేదు. కొయ్యబొమ్మలా నిలబడి రసీదునే చూస్తోంది. ఆ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుంది.

"సీరేదీ అని అడిగినాను తమ్ముడూ."

"ఏ చీర అక్కా?"

"బరంపురం యెల్లి పెళ్లానికి పట్టుసీర తేకుండా వచ్చిన మగోడు మన పక్క ఉన్నాడేటి? స్టేషను డూటీ అనీసి నాకు సెప్పి రెండ్రోజులు పోనాడు. మా సిన్నతల్లత్త బరంపురం బజార్లో సూసినాననీసి సెప్పింది. సీరేదీ అన్నాను. మాటాడలేదు. సీరెవుత్తికిచ్చినావన్నాను. మాటాడలేదు. మరి నానేటనుకోవాల?" ఆమె రసీదుని మడతలు పెట్టి మళ్లీ విప్పింది. "ఆ యేడు మొత్తం ఆ మనిషికి ఎదురుగా కంచం కూడా పెట్టలేదు నాను. ఓ పక్కన పెట్టీసి యెల్లిపోయేదాన్ని. పిల్లలు పుట్టినారు, పెళ్లిళ్లయినాయి, ఆలిసెంగా వస్తే సాలు, 'బరంపురం యెల్లొచ్చినావా' అని దెప్పేదాన్ని. నవ్వీసీవోడు. ఆస్పత్రిలో ఆకరిరోజు కూడా అడిగినాను, ఇప్పుడైనా సెప్పు, ఆవిడెవుత్తి అని. అప్పుడూ నవ్వీసినాడు. ఆ నవ్వు సూసి నాకు ఒళ్లు మండింది తమ్ముడూ. ఆ మంటతోనే ఉన్నాను, ఆ మనిషి పోయేవరకూ."

నగరేశ్వరరావు పగిలిన చైను వంక చూశాడు. చైను పాడు చేసినందుకు సిగ్గుపడటం ఆయనకి అలవాటే. తను దాచుకున్న అయిదు లింకుల ముక్క ఒక ఇంట్లో ఇన్నేళ్లు కంచం దగ్గరా, మంచం దగ్గరా తిరిగిందని ఈరోజే తెలిసింది. ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఉన్నది ఏ బరంపురం మనిషీ కాదు, తనే. వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మొదటి రోజే అంతా తేలిపోయేది.

ఝాన్సీలక్ష్మి కళ్లు తుడుచుకుని కూర్చుంది. పగిలిన చైనుని, తండ్రి పెట్టినదాన్ని, ఒక్కసారి వేలితో తాకి పక్కకి నెట్టేసింది. బాణాల చైనుని ముందుకి తోసింది.

"ఇది నా సేతికి పట్టేలా సెయ్యి."

"అక్కా, నా సేతులు వణుకుతన్నాయి. రేపు..."

"ఇప్పుడే. నీ సేతులు వణకనీ. గీత మాత్రం పడకూడదు. బరంపురం నుంచి తెచ్చినాడు."

గుడ్డ పరిచాడు. నూనె బొట్లు వేసి అరగంట ఆగాడు. ఆ అరగంటా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిన్నులు బిగుసుకుపోలేదు, మురళీమోహన్ దాన్ని అంత శుభ్రంగా ఉంచుకున్నాడు. కొక్కెం కన్నాలు ఆఖరిదాకా జరిపినా సరిపోలేదు. పై వైపు రెండు, కింది వైపు రెండు తీయాలి. నగరేశ్వరరావు ప్రతి బాణాన్నీ గోటితో తడిమి, ఊపిరి బిగబట్టి, సూది ఆనించి నెట్టాడు. ఒక్కొక్క పిన్నూ తేనెలోంచి వచ్చినట్టు మెల్లిగా బయటికొచ్చింది. కలిపి, ఆమె చేతికి కట్టి, కొక్కెం కింద చిటికెన వేలు దూర్చి చూశాడు. సరిగ్గా పట్టింది. గీత పడలేదు. జీవితంలో మొదటిసారి ఆ మాట ఆయనకి గొప్పగా అనిపించలేదు.

తీసిన నాలుగు ముక్కలూ కవర్లో వేసి, పేరు రాయబోయి, ఎవరి పేరు రాయాలో తెలియక ఆగాడు. ఆమె కవరు లాక్కుని బొడ్లో దోపుకుంది.

"లే. నాతో రా."

"ఎక్కడికక్కా?"

"సిన్నతల్లత్త ఇంటికి. ఆ బజార్లో సూసినాననీసి వీధికంతటికీ సెప్పింది ఆవిడే. ఇప్పటికీ ఆ అరుగు మీద నలుగురు కూకుంటే మీ బావ బరంపురం మాట వస్తాది. సచ్చిపోనోడికి నోరు లేదు, నీకుంది. నాకు సెప్పినట్టే అక్కడా సెప్పాల."

నగరేశ్వరరావు ఒక్క క్షణం కొట్టుని చూసుకున్నాడు. పట్టపగలు పదకొండున్నరకి, తండ్రి పోయిన రోజు తప్ప ఏనాడూ దించని షట్టరు దించాడు. కూల్‌డ్రింకు షాపతను నోరు తెరుచుకుని చూశాడు. చేతిలో రేకు డబ్బాతో ఆయన ఆమె వెనకాలే నడిచాడు.

చిన్నతల్లి మురళీమోహన్‌కి మేనత్త. ఎనభై దాటాయి. అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నగరేశ్వరరావు నిలబడే చెప్పాడు. మొదట మెల్లిగానే మొదలుపెట్టాడు. తర్వాత గొంతు వీధి వినేంత గట్టిగానే వచ్చింది. తన పేరు తన నోటితోనే తీసి, డబ్బా తెరిచి అందరికీ చూపించాడు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "ఓలమ్మో, ఇన్నేళ్లూ!" అంది ఒకామె.

చిన్నతల్లి చేతిలో గింజ చేతిలోనే ఉంచుకుని అంతా ఆలకించింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి ఝాన్సీలక్ష్మికి మళ్లీ ఒళ్లు మండింది.

"విన్నావా అత్తా? ఎవుత్తికీ సీర కొనలేదు. వాచీ చైను కొన్నాడు. నువ్వేమో..."

"నానేటి?" అంది ముసలామె. "వాచీ కొట్టు కాడే గదే నాను సూసినాను. బల్లకానుకుని, సేతిలో ఏటో మెరిసేది పట్టుకుని, ఆ ఒరియా ఆయనతో బేరమాడతన్నాడు. పిలిసినాను, ఇనపళ్లేదు. ఆ మాటే నీకు సెప్పడానికొచ్చినాను. 'బరంపురంలో సూసినాను' అన్నానో లేదో, 'సీరేదీ' అనీసి మొగుడి మీదికి లెగిసిపోనావు. ఎక్కడ సూసినావత్తా, ఏ కొట్టు కాడ సూసినావత్తా అని నువ్వొక్కనాడు నన్నడిగినావేటి? ముప్పై ఎనిమిదేళ్లూ ఈ అరుగు మీదే ఉన్నాను గదే."

ముసలామె మళ్లీ గింజ తీయడం మొదలుపెట్టింది. నగరేశ్వరరావు చేతిలో డబ్బా మూత కింద పడి, దొర్లుకుంటూ కాలువ దాకా పోయింది. ఝాన్సీలక్ష్మి నిలబడ్డచోటే మెట్టు మీద కూలబడింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వాచీ మీద కుడి చెయ్యి కప్పి, అలాగే కూర్చుంది.